కాలిన మోటార్ల సంగతి: విద్యుత్ నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి, సభ్యుల వారికి నమస్కారం.

నేను మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ని. ఏజెన్సీ ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఉన్న ఒక మండల కేంద్రంలో నా షాపు. కింది ఊళ్ల నుంచి బోరు మోటార్లు, పిండిమర మోటార్లు, చెరుకు గానుగల మోటార్లు వస్తాయి. పైనుంచి మంచినీళ్ల స్కీము పంపులు, కాఫీ పళ్లు ఒలిచే పల్పరు మోటార్లు దిగుతాయి. ఉన్నమాట చెప్పాలంటే కరెంటు ఎంత పాడైతే నాకు అంత గిరాకీ. అలాంటివాడు కరెంటు బాగుచేయించండని మీకు రాయడం వింతగానే ఉంటుంది. అయితే ఒకే మోటారు రెండో ఏడు కూడా అదే జబ్బుతో వచ్చినప్పుడు, తెచ్చినవాళ్ల మొహం చూసి డబ్బు పుచ్చుకోవడం ఏమంత సులువు కాదు. రాగి ధర పెరిగాక 5 హెచ్‌పీ మోటారుకి అయిదారు వేలు లేకుండా నేనూ చేయలేను.

ఏటా టారిఫ్ మీద మీరు బహిరంగ విచారణ జరుపుతారు. మిలియన్ యూనిట్లు, కోట్ల రూపాయలు, నష్టాల శాతం, సబ్సిడీ ఎంత, ట్రూ అప్ (అంచనా దాటిన ఖర్చుని తరవాత వసూలు చేసుకోవడం) ఎంత, అన్నీ అందులో తేలతాయి. ఆ కరెంటుతో ఒక ఊళ్లో ఎవరు ఏం పని చేసుకోగలిగారన్నది మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. పేదరికం తగ్గడానికీ కరెంటుకీ సంబంధం ఉందని అందరం అంటాం. ఆ సంబంధం బల్బు దగ్గర లేదు, మోటారు దగ్గర ఉంది. మీరు లెక్కపెట్టించేది బల్బుని. ఈ ఉత్తరం అంతా దాని గురించే.

ఈ మోటార్లకి కరెంటు మూడు తీగల మీద వస్తుంది, ఒక్కో తీగనీ ఒక ఫేజు అంటాం. లోపల కాయిళ్లు కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. మోటారు మూత విప్పి చూస్తే ఏం జరిగిందో మాకు తెలిసిపోతుంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడి, మూడో ఫేజు కాయిలు నిన్న చుట్టినట్టు మెరుస్తూ ఉంటే, ఒక ఫేజు పోయినా మోటారు మిగతా రెండింటి మీద మూలుగుతూ తిరిగిందని అర్థం. డెల్టా అయితే దీనికి తలకిందులు, ఒక్క ఫేజే మాడుతుంది. మూడూ ఒకే తీరున కమిలిపోతే లో ఓల్టేజీ, కాకపోతే ఓవర్‌లోడు. బేరింగు పట్టేసిందా, సీలు పోయి నీళ్లు దిగాయా అన్నదీ కనపడుతుంది. అది యజమాని పట్టించుకోకపోవడం, దానికి డిస్కంని, అంటే కరెంటు పంచే కంపెనీని, అనలేం. నా షాపుకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం మాత్రం మొదటి రకానివే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతుంది. లైన్‌మన్ మీద ఊళ్లు ఎక్కువ, ఆయన వచ్చేసరికి ఆలస్యం. ఈలోపల ఎక్కడో, కరెంటు రాగానే దానంతటదే స్టార్టు చేసే ఆటో స్టార్టర్ మీద వదిలేసిన మోటారు కాలిపోతుంది.

ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు పెట్టుకోవచ్చు కదా అని ఇంజనీర్లు అంటారు. పెట్టుకుంటారండీ. అది పూటకి నాలుగుసార్లు ట్రిప్పయితే, మడి తడవక, విసుగొచ్చి దాన్ని తీసేసి డైరెక్టు చేసుకుంటారు. ఆ తరవాత నా దగ్గరికొస్తారు.

లో ఓల్టేజీ సంగతి ఇంకా నెమ్మదిగా చంపే రకం. 415 ఓల్టుల సరఫరాలో ఆరు శాతానికి మించి తేడా రాకూడదని రూలు, అంటే 390 దిగకూడదు. లైను చివరి పోలు దగ్గర సాయంత్రం పూట 350 చూపించిన మీటరు నా చేతిలోదే. ఓల్టేజీ అయిదో వంతు తగ్గితే మోటారు తిప్పే బలం మూడో వంతుకి పైగా పోతుంది. అయినా తిరగాల్సిన మర తిరగాల్సిందే కనక అది కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ఎన్నాళ్లు? ఓ పంట కాలం, మహా అయితే రెండు.

మా పక్క ఊళ్లో డ్వాక్రా లోను మీద పిండిమర పెట్టుకున్న ఒకావిడ ఉంది. ఆ ఊరికి ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, పొలాల లైను నుంచి వేరు చేయలేదు. వ్యవసాయానికి త్రీఫేజు వదిలిన గంటల్లోనే ఆమెకీ త్రీఫేజు, మిగతా పొద్దంతా సింగిల్ ఫేజు. మర గదిలో గోడ బోర్డు మీద ఎరుపు, పసుపు, నీలం లైట్లుంటాయి. మూడూ ఒక్క తీరున వెలిగితేనే ఆమె బెల్టు వేస్తుంది. సంక్రాంతి ముందు అరిసెల కోసం తడిబియ్యం తెచ్చేవాళ్లు బారులు కడతారు. తడిబియ్యం ఆగదు. పొద్దున్న వడకట్టి తెచ్చింది సాయంత్రానికి పులుపు తిరుగుతుంది. ఎరుపూ పసుపూ వెలిగి నీలం గుడ్డిగా ఉంటే, ఆడాళ్లు కాసేపు చూసి, బేసిన్లు ఎత్తుకుని ఆటో ఎక్కి మా ఊరి మిల్లుకి వచ్చేస్తారు. ఆమెకి ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కనపడేది ఆ పది రోజుల్లోనే. అప్పుడు ఆమె ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది, టీవీ నడుస్తూనే ఉంది. మీకు చేరే రికార్డుల్లో ఆ రోజు ఆ ఊళ్లో కరెంటు కోతే లేదు. లోను వాయిదా మాత్రం ఏ ఫేజుతోనూ పని లేకుండా తేదీకి వచ్చేస్తుంది.

అంతరాయాల సూచికలంటూ డిస్కంలు మీకు లెక్కలు ఇస్తాయి. ఆ లెక్క 11 కేవీ ఫీడరు దగ్గర ఆగిపోతుంది. ఫీడరు మీద కరెంటుంటే ఉన్నట్టే. కింద ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయినా, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకి వచ్చే ఎల్టీ తీగ తెగి మామిడి కొమ్మ మీద వేలాడుతున్నా అందులోకి రాదు. వ్యవసాయ ఫీడర్లది వేరే లెక్క. రోస్టర్ (ముందే వేసుకున్న గంటల వంతు) ప్రకారం ఆపింది అంతరాయమే కాదు. ఇలా ఒక్కొక్కటీ తీసేశాక మిగిలిన సగటు చూస్తే రాష్ట్రం వెలిగిపోతూ ఉంటుంది.

ఈ లెక్కల జబ్బు మన డిస్కంలతో పుట్టింది కాదు. 1997 దాకా దేశంలో ఒక రెవెన్యూ గ్రామం హద్దుల్లో ఎక్కడ ఏ పనికైనా కరెంటు వాడుతుంటే చాలు, పొలంలో ఒక్క బోరు ఉన్నా సరే, ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. 2004లో నిర్వచనం మార్చారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, దళితవాడకి లైను ఉండాలి, బడికీ పంచాయతీ ఆఫీసుకీ కరెంటు ఉండాలి, ఇళ్లలో కనీసం పది శాతానికి కనెక్షన్ ఉండాలి. అంటే తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా వందిళ్ల ఊరు వెలుగు జాబితాలో చేరుతుంది. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో ఆఖరి ఊరికి కూడా కరెంటు చేరిందని ప్రకటించింది ఈ నిర్వచనం ప్రకారమే. అంతకు ముందే, 2017లో, సౌభాగ్య పథకం పెట్టి ఇళ్లు లెక్కపెట్టడం మొదలెట్టారు. 2.86 కోట్ల ఇళ్లకు కనెక్షన్ ఇచ్చామని కేంద్రం చెప్తోంది. అది చిన్న పని కాదు. స్తంభాలు మోసి, కొండల మీద తీగ లాగిన కాంట్రాక్టు కూలీలను నేను కళ్లారా చూశాను, వాళ్లకి దండం పెట్టాలి. ముందు ఊరు లెక్కపెట్టాం, తరవాత ఇల్లు లెక్కపెట్టాం. పని దగ్గరికి ఇంకా రాలేదు.

మా అమ్మాయి ఎకనామిక్స్‌లో పీజీ చేస్తోంది. ఈ గొడవంతా అన్నాల దగ్గర వింటూ పెరిగిన పిల్ల కాబట్టి, తనకు దొరికిన పరిశోధనలు నాకు తెలుగులో చెబుతూ ఉంటుంది. పశ్చిమ కెన్యాలో లీ, మిగెల్, వుల్‌ఫ్రమ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 150 గ్రామ సముదాయాల్లో పరీక్ష పెట్టారట. లాటరీ తీసినట్టు కొన్ని పల్లెల్లో కనెక్షన్లకు సబ్సిడీ ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశారు. 2020లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఏమిటంటే, కనెక్షన్ వచ్చిన ఇళ్ల సంపాదనలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. బల్బు, సెల్లు చార్జింగు, అంతే. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో టారిన్ డింకెల్‌మన్ చేసిన పరిశోధన, 2011 నాటిది, దీనికి ఎదురు చెప్తుంది. అక్కడ కరెంటు వచ్చిన పల్లెల్లో పనికి వెళ్లే ఆడవాళ్ల శాతం తొమ్మిది పాయింట్ల దాకా పెరిగింది. కట్టెలు ఏరుకొచ్చి పొయ్యి రాజేసే పొద్దు వాళ్లకి మిగిలింది, ఆ పొద్దుని అమ్ముకోగలిగారు.

ఈ రెండూ విని మా అమ్మాయి “ఎవరిది నిజం నాన్నా?” అంది. రెండూ నిజమే అనుకుంటాను. ఆ కరెంటుతో ఏం తిప్పగలరు, ఏం వండగలరు అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. ఇప్పుడు ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి 2030 నాటికి ఆఫ్రికాలో 30 కోట్ల మందికి కరెంటు ఇస్తామని మిషన్ 300 పెట్టాయి. సహారాకి దిగువన ఇంకా దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేదు కనక పెట్టాల్సిందే. వాళ్లు కూడా తలలు లెక్కపెట్టి ఆగిపోతే, అక్కడ నాలాంటి వైండింగ్ షాపులవాళ్లు బాగుపడతారు.

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పాలి. రేట్లు పెంచండి, అప్పుడు నాణ్యత వస్తుంది అనే వాదానికి నా ఉత్తరాన్ని వాడుకోవద్దు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ముగ్గురు చనిపోయారు. ఆ తరవాత 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మెట్ట రైతు దానివల్ల నిలబడ్డాడు, నేను చూశాను. కానీ ఉచితం అయిన దగ్గర్నుంచీ రైతు నోరు పడిపోయింది. “ఊరికే ఇచ్చే కరెంటుకి ఓల్టేజీ కూడా అడుగుతావా?” అన్న మాట సబ్‌స్టేషన్ గుమ్మం దగ్గర వినని రైతు మా చుట్టుపక్కల లేడు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం డిస్కంకి ముందే కట్టాలి. అలాంటప్పుడు అది డిస్కం పెట్టే ధర్మం కాదు, ఎవరో కట్టేసిన బిల్లు. బిల్లు కట్టినవాడి తరపున నాణ్యత అడగాల్సింది మీరు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని మీ ప్రమాణాల్లోనే ఉంది. జరిగేది ఇది: రైతులు తలా ఇంత వేసుకుంటారు, ట్రాక్టరు మాట్లాడతారు, గొలుసు కప్పీ తెచ్చి దాన్ని దింపి షెడ్డుకి తోలతారు, అక్కడ వరసలో నిలబడతారు. ఫిర్యాదు నమోదయ్యేది వాళ్లు ట్రాక్టరు ఎక్కించాక. ఒక్కోసారి కొత్తది ఎక్కించాక. గడియారం అప్పుడు మొదలెడితే 48 గంటలు ఎందుకు, నాలుగు గంటల్లో మార్చినట్టు చూపించొచ్చు. నష్టపరిహారం అడిగే హక్కు ఉందని తెలిసిన రైతు ఎవరూ నాకు తగల్లేదు. తెలిసినా, రేపు మళ్లీ ఆ లైన్‌మన్‌తోనే పని పడుతుంది కాబట్టి అడగడు.

ఇక కొండ మీది మాట. ఒడిశా సరిహద్దు కొండల్లోని మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది 1955లో. 120 మెగావాట్లు. దిగువ సీలేరు 460 మెగావాట్లు. ఆ కొండల నీళ్లతో పుట్టిన కరెంటు టవర్ల మీదుగా మైదానానికి దిగింది. టవర్ల కిందున్న పల్లెలకి తీగ చేరడానికి దశాబ్దాలు పట్టింది. చేరిన చోట కూడా కొండ పల్లె ఫీడరు చివరంటూ చివర ఉంటుంది. గాలివానకి చెట్టు పడితే ఎక్కడ తెగిందో వెతకడానికే ఒక పూట కావాలి. ఇప్పుడు అవే కొండల్లో, నీళ్లు పైకి తోడి నిలవచేసి కావాల్సినప్పుడు వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు కడతామంటే స్థానికులు వద్దంటున్నారు. వాళ్లు అభివృద్ధికి అడ్డం పడుతున్నారని రాసేవాళ్లు, డెబ్భై ఏళ్లుగా నెత్తి మీంచి పోతున్న తీగల్ని ఒకసారి తలెత్తి చూస్తే బాగుండు.

నవంబరు నుంచి కాఫీ పళ్లు కోతకొస్తాయి. ఎర్రగా పండిన పండు కోసిన రోజే తోలు ఒలవాలి. ఒలిచి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంటుగా అమ్మితే ఒక ధర. ఒలవలేక పండుతో సహా ఎండేసి చెర్రీగా అమ్మితే అంతకంటే బాగా తక్కువ. పోయినేడు కాదు, అంతకు ముందు సీజన్లో, పై పల్లె ఒకటి నుంచి ఇద్దరు మనుషులు పల్పరు మోటారుని వెదురు కర్రకి తాళ్లతో కట్టి, భుజాల మీద మోసుకుని ఘాట్ రోడ్డు దాకా దిగి, అక్కడ జీపెక్కించి తెచ్చారు. నలభై కిలోల పైమాటే. విప్పితే రెండు ఫేజులు మాడి ఉన్నాయి. రాత్రికి రాత్రి చుట్టి, వార్నిష్ వేసి, ఆరబెట్టి ఇచ్చాను. మళ్లీ అంతా పైకి మోసుకెళ్లాలి. “మోటారు పరవాలేదు బాబూ, ఊరుకుంటుంది. ఇదే కర్రకి మొన్న నెలలు నిండిన పిల్లని కట్టి దింపాం” అన్నాడు ఇద్దర్లో పెద్దాయన. వాళ్లు ఎక్కడం దిగడంలో పోయిన రోజుల పళ్లన్నీ చెర్రీ ధరకే పోయాయి.

రోడ్డు లేని చోట చెడ్డ కరెంటు ఖరీదు రెట్టింపవుతుంది. ఈ రెండు శాఖలూ ఎప్పుడూ ఒక బల్ల దగ్గర కూర్చోవు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల మీద ఆషర్, నొవొసాద్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం గురించి కూడా మా అమ్మాయి చెప్పింది. రోడ్డు పడ్డ ఊళ్లలో జనం వ్యవసాయం వదిలి బయట పనులకి వెళ్లడం పెరిగింది గాని, ఊళ్లో పంటలూ రాబడులూ పెద్దగా మారలేదని తేలిందట. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఊళ్లో తిరిగే మోటారు లేకపోతే రోడ్డు మనుషుల్ని బయటికి తీసుకుపోవడానికే పనికొస్తుంది. అదీ తక్కువ మేలేం కాదు, ఆ పెద్దాయన్ని అడిగితే చెప్తాడు.

మంచి కరెంటిస్తే పేదరికం దానంతటది పోతుందని కూడా నేను అనను. సిరిసిల్లలో 1970లోనే వినియోగదారుల సహకార విద్యుత్ సంఘం పెట్టుకున్నారు. ఇప్పటికీ నడుస్తోంది. పాలకవర్గాన్ని ఎన్నుకునేది కరెంటు వాడుకునేవాళ్లే. వేల మరమగ్గాలు ఆ కరెంటు మీదే ఆడాయి. అయినా గుడ్డ కొనేవాడు లేని ఏళ్లలో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. కాబట్టి బజారు కావాలి, అప్పు దొరకాలి, అవన్నీ మీ చేతిలో లేవు. మీ చేతిలో ఉన్నది అడుగుతున్నాను.

ఇళ్లకు ఇచ్చే ఉచిత యూనిట్లు మంచివే. మన దగ్గర ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఇస్తున్నారు. అయితే తెలంగాణ 2021లో మంగలి షాపులకీ లాండ్రీలకీ ధోబీఘాట్లకీ నెలకి 250 యూనిట్లు ఉచితం చేసింది చూడండి, అది నాకు ఇంకా నచ్చింది. ఇస్త్రీ పెట్టెనీ కత్తెరనీ చూసి ఇచ్చిన కరెంటు అది. పిండిమరకీ, కారం మిల్లుకీ, పల్పరుకీ ఆ చూపు కావాలి. వాళ్లకి ఉచితం కూడా అక్కర్లేదు. ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మూడు ఫేజులూ 390 తగ్గకుండా ఉంటాయని మాటిస్తే, బిల్లు కట్టుకుంటారు.

చట్టంలో 59వ సెక్షన్ ఉంది. సేవ ఎలా ఉందో డిస్కంలు మీకు నివేదించాలి, ఏడాదికి ఒకసారైనా మీరు దాన్ని ప్రచురింపజేయాలి. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దాకా దింపండి. పంపిణీ లైన్లు బాగుచేయడానికి కేంద్రం పెట్టిన ఆర్‌డీఎస్ఎస్ పథకంలో ట్రాన్స్‌ఫార్మర్లకి మీటర్లు ఎలాగూ పెడుతున్నారు. ఏ గంటలో ఏ ఫేజుంది, ఎంత ఓల్టేజీ ఉంది అన్నది ఆ మీటర్లోనే ఉంటుంది. ఆ అంకెలు కంప్యూటర్లో దాచుకోకుండా నెలకోసారి తెలుగులో, ఊరి పేరుతో, గ్రామ సచివాలయం బోర్డు మీద అంటించమని ఆదేశించండి. అంటించడానికి కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంటు అక్కడే ఉంటాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన గంట కూడా మీటరు ఆగిన గంటే కావాలి, ఫిర్యాదు రాసిన గంట కాకూడదు. 48 దాటితే పరిహారం ఎవరూ అడక్కుండానే బిల్లులో తగ్గాలి. బిల్లే లేని ఉచిత రైతుకి ఖాతాలో పడాలి. కొండ పల్లెల ఫీడర్లకి మాత్రం ఈ గడువులు కుదరవని డిస్కంలు అంటాయి, అందులో కొంత నిజముంది. అక్కడ పల్పరుకీ నీళ్ల పంపుకీ సోలారు పెట్టి, విడి మోటారు ఒకటి పైనే అందుబాటులో ఉంచమనండి. మోసేవాళ్లకి ఒక దారైనా తప్పుతుంది.

ఇది చేస్తే నా గిరాకీ సగానికి పడుతుంది. పరవాలేదు, కొత్త మోటార్లు బిగించే పని పెరుగుతుందనే లెక్కలో ఉన్నాను.

మీ విచారణలో మాట్లాడేవాళ్లకి దొరికేది కొద్ది నిమిషాలు. పెద్ద పరిశ్రమల తరపు వకీళ్లు పుస్తకాలతో వస్తారు. మర ఆపుకుని ఆవిడ రాలేదు, కొండ దిగి ఆ పెద్దాయనా రాలేడు. అందుకని ఈ లేఖను వచ్చే ఆర్థిక సంవత్సరపు రిటైల్ టారిఫ్ ప్రతిపాదనల మీద వచ్చిన అభ్యంతరాల్లో ఒకటిగా నమోదు చేసుకుని, డిస్కంల చేత పేరా వారీగా జవాబు ఇప్పించమని కోరుతున్నాను. ఆ జవాబులు తెలుగులో ఇప్పించండి, షాపులో గోడకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్